రెండో చంద్రుడు

ఫిబ్రవరి 3

పిడుగుకి,

మావయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో ఖర్చు కాకుండా మిగిలిన కోపం కూడా కొంచెం కలిపి పంపుతున్నాను.

ఇక మీదట మనిద్దరం ఉత్తరాలే రాసుకోవాలని మీ అత్తయ్య తీర్పు చెప్పింది. ఫోన్లో అయితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారట, ఒక్కరూ వినరట. కాగితం మీదైతే ఒకరు చెప్పడం అయ్యేదాకా రెండోవారు నోరు మూసుకోక తప్పదట. మొన్న నా అరుపులకి పక్కింటి కుక్క లేచి లోపలికి వెళ్లిపోయిందని చెబుతోంది. ఆ కుక్కకి చెవుడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

సరే, నెమ్మదిగా చెబుతాను, నెమ్మదిగా చదువు. నేను ఫోటో స్టూడియోలో టచింగ్ పనికి చేరినప్పుడు నువ్వింకా పుట్టలేదు. మొదట బ్రష్షుతో చేసేవాణ్ణి, ఇప్పుడు కంప్యూటర్‌తో. మొటిమలు తీసేశాను, బట్టతలకి జుట్టు పెట్టాను, పెళ్లికి రాని బాబాయిని పెళ్లి ఫోటోలో నిలబెట్టాను. వచ్చినవాళ్లకంటే ఆయనే నిండుగా నవ్వుతున్నాడని అందరూ మెచ్చుకున్నారు. అలాంటివాడికి ఒక ఫోటో చూపించి, ఇదిగో చంద్రుడి మీద మనిషి అంటే ఎలా నమ్మమంటావు? భూతద్దం పెట్టి చూశాను. ఆకాశంలో ఒక్క చుక్క లేదు. రాళ్ల నీడలు ఒకటి ఇటు, ఒకటి అటు. ఎవరైనా నా దగ్గరికి ఇలాంటి పని చేసి తెస్తే వెనక్కి పంపేవాణ్ణి.

ప్రార్థన హాల్లో పెద్దాయన కూడా అదే అంటున్నారు. మన గ్రంథంలో సూటిగానే ఉంది కదా, "పైన మూత వేశాను, కింద పీట వేశాను, నడుమ నిన్ను కూర్చోబెట్టాను" అని. మూత అంటే మూతే. దాన్ని చీల్చుకుని ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. ఫోటో మనిషి చేసింది. గ్రంథం మనిషి చేసింది కాదు.

నిన్ను తప్పు పట్టడం లేదమ్మా. మీ అమ్మ పోయాక నిన్ను మేమిద్దరం ఈ చేతులతోనే పెంచాం. అబద్ధమాడితే నీ ముక్కు ఎర్రబడుతుందని నాకు తెలుసు. నువ్వు అబద్ధం చెబుతున్నావని నేను ఎప్పుడూ అనలేదు. నీతో అబద్ధం చెబుతున్నారని అన్నాను. నువ్వు సగంలోనే ఫోన్ పెట్టేశావు. ఉపగ్రహానికి దుప్పటి కుడుతున్నానంటావు. కుట్టు నిజం, దుప్పటి నిజం. అది పైకి వెళ్లిందని నీకెవరు చెప్పారు? నువ్వు చూశావా?

వంటింట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది. దాని గురించి అత్తయ్య విడిగా ఫిర్యాదు రాస్తానంది.

నీ మావయ్య

ఫిబ్రవరి 12

మావయ్యా,

తీర్పు బాగుంది. అత్తయ్య ఇంకొంచెం ముందే కుర్చీ ఎక్కాల్సింది.

ఇక్కడ నా గది కిటికీ గడియ విరిగింది. ఇంటావిడ రేపు, రేపు అంటోంది. నేను నైలాన్ దారంతో కట్టేశాను, గాలికి కొట్టుకోవడం ఆగింది. అది చూసి ఇంటావిడ ఇక గడియ అక్కర్లేదు కదా అంది. పనిమంతురాలై పుట్టకూడదు.

నా పని నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. పైన సూర్యుడి వైపు మాడిపోయేంత వేడి, రెండో వైపు గడ్డకట్టించే చలి. అందుకని ఉపగ్రహానికి దుప్పటి కప్పుతారు. బంగారు రంగు పలచటి రేకులు, ఒక్కో రేకుకీ మధ్య వలలాంటి గుడ్డ, అన్నీ కలిపి పొరలు పొరలుగా కుట్టాలి. తలకి టోపీ, ముఖానికి మాస్కు, చేతులకి గ్లవ్స్. ఒక్క వెంట్రుక లోపల పడినా అంతా విప్పాలి. అత్తయ్య నేర్పిన కుట్టే, గుడ్డ మాత్రం వేరు.

చుక్కలు ఎందుకు లేవో నాకు చెప్పింది నువ్వే. చిన్నప్పుడు స్టూడియోలో స్టూలు మీద కూర్చుని చూస్తుంటే, పెళ్లికూతురి నగలు ధగధగా వచ్చాయి గానీ వెనక గోడ మీది పూలు ఏమయ్యాయని అడిగాను. ముఖం వెలుగుకి కెమెరాని సరిపెడితే వెనక ఉన్నది చీకట్లో కలిసిపోతుంది, రెండూ ఒకేసారి దొరకవు అన్నావు. చంద్రుడి నేల ఆ పెళ్లికూతురు, చుక్కలు ఆ గోడ మీది పూలు. ఇక నీడలు. వెనక తెర ముడత పడితే నీడ వంకర పోతుందని ఇస్త్రీ పెట్టె పట్టుకుని పరుగెత్తేవాడివి. అక్కడ నేలకి ఎవరు ఇస్త్రీ చేస్తారు?

గ్రంథం గురించి కూడా ఒక మాట. అమ్మమ్మ పెట్టెలో ఉన్న పాత ప్రతిలో "మూత" లేదు. "పైన నీడ వేశాను" అని ఉంది. నేను అందులోనే అక్షరాలు కూడబలుక్కుని చదివాను, బాగా గుర్తు. దేవుడు అన్నది మూతా, నీడా? మధ్యలో ఎవరో ఒకరు టచింగ్ చేశారు మావయ్యా. అయినా నాకు ఆ వాక్యం ఇష్టమే. పిల్లని పీట మీద కూర్చోబెట్టి తినిపించే అమ్మ మాటలా వినిపిస్తుంది. ఇంటి కొలతలు చెప్పే మేస్త్రీ మాటలా వినిపించదు. రాసి ఉంది కాబట్టి నిజమే అంటావా, పళ్లపొడి డబ్బా మీద కూడా "ముసలితనంలోనూ ముత్యాల పలువరుస" అని రాసి ఉంది. నీ నోట్లో ఎన్ని ముత్యాలు మిగిలాయో అత్తయ్యని అడుగు.

చూశావా అన్నావు. చూడలేదు. నేను చేరాక కుట్టినది ఇంకా వెళ్లలేదు. పెళ్లిబట్టలు కుట్టినవాళ్లందరూ పెళ్లికి వెళ్తారా?

నీ పిడుగు

ఫిబ్రవరి 24

పళ్లపొడి పిడుగుకి,

కరవడానికి సరిపడా పళ్లు ఇంకా ఉన్నాయి. ఇంటికొచ్చినప్పుడు చూపిస్తాను.

కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోతే మీ అత్తయ్యే నీ ఉత్తరం చదివి వినిపించింది. ముత్యాల దగ్గరికొచ్చేసరికి నవ్వలేక కింద కూర్చుండిపోయింది. నా మాటే నాకు అప్పజెప్పావు. తాడిని తన్నేవాడుంటే వాడి తలని తన్నేదానివి.

అమ్మమ్మ పెట్టె దింపి చూశాం. నువ్వన్నది నిజమే, అందులో "నీడ" అనే ఉంది. పెద్దాయనని అడిగాను. రెండింటి అర్థం ఒకటే అన్నారు. ఒకటే అయితే మార్చడం ఎందుకని అడగబోయాను, ఆయనకి ఎవరిదో ఫోన్ వచ్చింది. సరే, దాన్ని పక్కన పెడదాం.

ఇప్పుడు అసలు సంగతి. ఫోటోలు వద్దు, వీడియోలు వద్దు, నీ మాటా వద్దు నా మాటా వద్దు అనుకుని, ఈ మధ్య సాయంత్రాలు డాబా ఎక్కి చంద్రుణ్ణి నా కళ్లతో నేనే చూస్తున్నాను. చంద్రుడి పక్కనే ఇంకో చంద్రుడు ఉన్నాడు. కాస్త పలచగా, కాస్త పైకి జరిగి. ఇద్దరి చుట్టూ రంగుల వలయం. ఎలా ఉందో చెప్పనా? పాతకాలంలో మేము రెండు నెగటివ్‌లు ఒకదాని మీద ఒకటి వేసేవాళ్లం. అంచులు సరిగా కలవకపోతే బొమ్మ పక్కనే దాని దెయ్యంలా ఇంకోటి వచ్చేది. అచ్చం అలా ఉంది. ఆ బొమ్మని అక్కడ పెట్టినవాళ్లెవరో గానీ సరిగా అతకలేదు పిడుగూ.

పెద్దాయనకి చెబితే నా చేతులు పట్టుకున్నారు. ఇది నలుగురూ వినాలన్నారు. వచ్చే సభలో నన్ను మాట్లాడమన్నారు. నాలాంటి మూల కూర్చునే మనిషిని అడిగారంటే చూడు.

నీ మావయ్య

తల్లీ, నేను అత్తయ్యని. నేనూ డాబా ఎక్కాను. నాకు చంద్రుడు ఒక్కడే కనిపించాడు. చెబితే వినరు. నాకు సూదిలో దారం ఎప్పుడూ మీ మావయ్యే ఎక్కించి ఇచ్చేవారు కదా, ఈ మధ్య నువ్వే ఎక్కించుకో అంటున్నారు. కుళాయి సంగతి తర్వాత రాస్తాను.

మార్చి 2

మావయ్యా,

ఈ ఉత్తరంలో వాదన ఏమీ లేదు. అడిగిన వాటికి జవాబు చెప్పు, చాలు.

వీధి దీపం చుట్టూ కూడా ఆ రంగుల వలయం కనిపిస్తోందా? బస్సు లైట్ల చుట్టూ? ఒక కన్ను మూసి చంద్రుణ్ణి చూడు, తర్వాత రెండోది మూసి చూడు. రెండు కళ్లకీ ఒకేలా ఉన్నాడా? తలనొప్పి వస్తోందా? కళ్లజోడు నిజంగానే మర్చిపోయావా, పెట్టుకున్నా లాభం లేక పక్కన పెట్టేశావా?

మా దగ్గర నా పక్క బల్ల మీద కుట్టే ఆవిడ వాళ్ల నాన్నకీ ఇలాగే మొదలైందట. దీపాల చుట్టూ దండలు వేసినట్టుందని ఆయన మురిసిపోయేవాడట. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఆమె ఆ మాట చెప్పినప్పటి నుంచి నాకు కుట్టు మీద మనసు నిలవడం లేదు.

దయచేసి ఈ వారమే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లు. హాల్లో మాట్లాడటం ఆ తర్వాత పెట్టుకో. చంద్రుడు ఎక్కడికీ పోడు.

అత్తయ్యా, నువ్వు తీసుకెళ్లు. వినకపోతే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లు.

నీ పిడుగు

మార్చి 13

మేనకోడలికి,

నేను చంద్రుడి గురించి రాస్తే నువ్వు నా కళ్ల గురించి రాశావు. సాక్ష్యం నచ్చకపోతే సాక్షిని గుడ్డివాణ్ణి చెయ్యడం ప్లీడర్లు చేసే పని. నువ్వెప్పుడు నేర్చుకున్నావు?

ఈ కళ్లతోనే ఇల్లు నడిచింది. ఈ కళ్లతోనే నీ ఫీజులు కట్టాను. కనురెప్ప మీది వెంట్రుకని కూడా విడిగా గీసినవాణ్ణి. ఇప్పుడు నువ్వు ఎక్కడో కూర్చుని, ఎవరి నాన్నదో కథ చెప్పి నన్ను ఆసుపత్రికి పొమ్మంటే ఎలా ఉంటుందో ఆలోచించు. నీ జాబు చూసి మీ అత్తయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అదీ నీ పుణ్యమే.

సభ బాగా జరిగింది. ఎప్పుడూ లేనంత మంది వచ్చారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఒంటి చేత్తో చప్పట్లు కొట్టకూడదని నీ పక్షం కూడా వినిపించాను. అక్కడ వెలుతురు చాలకపోతే నీ మొదటి ఉత్తరాన్ని ఒకావిడ చేత చదివించాను. దుప్పటి, రేకులు, టోపీ, మాస్కు, పళ్లపొడి అన్నీ. నా మేనకోడలు ఎంత పనిమంతురాలో వినండి అన్నాను. పళ్లపొడి దగ్గర కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. చాలామంది ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకున్నారు. ఇంకో హాలువాళ్లు కూడా రమ్మని పిలిచారు.

నిన్ను గౌరవించే చదివించాను. అది నీకు అర్థమవుతుందనే అనుకుంటున్నాను.

మీ మావయ్య

మార్చి 27

మావయ్య గారికి,

నమస్కారం.

ఆ వీడియో నాదాకా వచ్చింది. నాకంటే ముందు మా ఆఫీసుకి వచ్చింది. లోపలి పని సంగతులు బయట ఎవరికీ చెప్పనని చేరేటప్పుడు సంతకం పెట్టాను. ఇంట్లోవాళ్లకే కదా అని మీకు రాశాను. అది నా తప్పు. రేకుల మధ్య ఏం పెడతామో ఇప్పుడు ఊరంతటికీ తెలుసు. విచారణ అయ్యేదాకా నన్ను కుట్టు గదిలోంచి తీసేసి గోడౌన్లో వేశారు. పెట్టెలకి అట్టలు చుడుతున్నాను.

పళ్లపొడి ముక్కని మాత్రం విడిగా కోసి ఎవరో తిప్పుతున్నారు. గ్రంథాన్ని డబ్బాతో పోల్చిందట ఈ అమ్మాయి. ముక్కూముఖం తెలియనివాళ్లు నా గురించి రాసిన మాటలు మీకు రాయలేను. ఇంటావిడ నిన్న తలుపు కొట్టి, నువ్వేనా అని అడిగింది. నేనే అన్నాను. అప్పటి నుంచి నాకు మంచినీళ్ల బిందె పైకి పంపడం మానేసింది.

అది నేను మా మావయ్యని ఏడిపించడానికి రాసుకున్న మాట. మా ఇంట్లో మాట. మైకులో చదివే మాట కాదు.

ఇవన్నీ ఎలాగో తట్టుకుంటాను. వీడియో చివర మీరు వేదిక దిగుతున్నారు. మెట్టు ఎక్కడుందో తెలియక కాలితో గాల్లో తడుముకున్నారు. పక్కనున్న కుర్చీ పట్టుకున్నారు. ఎవరూ చూడలేదు, అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేను ఆ ముక్కనే మళ్లీ మళ్లీ చూశాను.

ఇక కొన్నాళ్లు రాయను. మీరు కూడా రాయకండి. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లండి.

మీ మేనకోడలు

మే 9

పిడుగుకి,

రాయొద్దన్నావు. నేను రాయడం లేదు, చెబుతుంటే మీ అత్తయ్య రాస్తోంది. కాబట్టి నీ మాట దాటినట్టు కాదు. (ఇలాంటి తెలివితేటలకి తక్కువ లేదు. — అత్తయ్య)

నా కళ్లకి కట్లు ఉన్నాయి. కంగారుపడకు, ముందు నుంచీ చెబుతాను.

నీ ఉత్తరం వచ్చాక ఇంకో హాలుకి వెళ్లలేదు. ఆసుపత్రికీ వెళ్లలేదు. మొండితనం అనుకో. ఏప్రిల్ మొదట్లో ఒక నడివయసు మనిషి స్టూడియోకి వచ్చి, చనిపోయిన వాళ్ల అమ్మ పాత ఫోటో ఇచ్చి పెద్దది చేసి బాగు చెయ్యమన్నాడు. మరకలు పడి, అంచులు చిరిగి ఉంది. శ్రద్ధగా చేశాను. నచ్చుతుందనే అనుకున్నాను. అతను ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "మా అమ్మ బుగ్గ మీద పుట్టుమచ్చ ఏదండీ?" అన్నాడు.

నేను దాన్ని మరక అనుకుని చెరిపేశాను పిడుగూ. చిన్నప్పుడు ఆ మచ్చ మీద వేలు పెట్టుకుని పడుకునేవాడట. అతను నన్ను తిట్టినా బాగుండేది. కంప్యూటర్లో పాత బొమ్మ తెరిచి, ఎక్కడుందో చూపించమన్నాను. అతను వేలు పెట్టి చూపించాడు. నాకు అక్కడ ఏమీ కనిపించలేదు.

ఇంటికొచ్చి మీ అత్తయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాను. (ఏమీ అడగకుండా చెప్పులు వేసుకున్నాను. — అత్తయ్య) రెండు కళ్లలోనూ పొర ముదిరిందట. ఎడమ కంట్లో లోపలి ఒత్తిడి కూడా పెరిగి కొంత చూపు ఇప్పటికే పోయింది. అది తిరిగి రాదు. మిగిలింది కాపాడారు. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే ఆ కన్ను మొత్తం పోయేదని డాక్టరమ్మ కేకలేసింది. దీపాల చుట్టూ వలయాలు ఎన్నాళ్లుగా ఉన్నాయని అడిగింది. సిగ్గుపడి తక్కువ చేసి చెప్పాను. (నేను సరిచేశాను. — అత్తయ్య)

ఆపరేషన్‌కి ముందే హాలుకి వెళ్లి, నాకు మళ్లీ మైకు కావాలన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. ఎందుకు కదిలించడం, జనం మర్చిపోతారులే అన్నారు. మర్చిపోరని, నా మేనకోడలు అట్టలు చుడుతోందని చెప్పాను. ఆయన మైకు ఇవ్వలేదు. ప్రార్థన అయ్యాక అందరూ లేవబోతుంటే నేనే నిలబడి గొంతెత్తాను. చెప్పింది ఇంతే. "నేను చూసిన రెండో చంద్రుడు ఆకాశంలో లేడు. నా కంట్లో ఉన్నాడు. డాక్టరు చూపించింది. ఆ రోజు చదివించిన ఉత్తరం మా పిల్ల నాకు రాసుకున్నది. నలుగురిలో చదివించే హక్కు నాకు లేదు. ఆ పిల్ల అబద్ధం ఆడదు. మీ ఫోన్లలో ఉంటే తీసేయండి."

కొందరు తీసేశారు. కొందరు నన్ను ఎవరో కొన్నారని అనుకుంటున్నారు. కొనేంత విలువ నాకెక్కడిదని మీ అత్తయ్య నవ్వింది. మీ ఆఫీసుకి కూడా ఒక ఉత్తరం రాయించి పంపాను. నీకు చెప్పకుండా పంపినందుకు తిట్టు.

నా నమ్మకం పోయిందని అనుకోకు. రోజూ ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. కాకపోతే అమ్మమ్మ ప్రతిలోంచి. కట్ల వెనక చీకట్లో పడుకుని ఆలోచిస్తే "నీడ" అన్నదే బాగుందనిపిస్తోంది. మూత కింద ఊపిరాడదు.

నువ్వు రాయకపోయినా పర్వాలేదు. గోడౌన్లో మెడనొప్పి వస్తే వంగి చెయ్యకు, బల్ల ఎత్తు పెంచమను.

మావయ్య

మే 21

మావయ్యా, అత్తయ్యా,

మీ ఉత్తరం గోడౌన్లోనే చదివాను. అట్టపెట్టె మీద కూర్చుని ఏడిస్తే పెట్టె అణిగిపోయింది. దానికి కూడా నన్నే అన్నారు.

చుక్కల మందు వేళ తప్పకుండా వేస్తున్నారా? తల వంచకూడదు, బరువు ఎత్తకూడదు. కుళాయి బాగుచేస్తానని మావయ్య బయల్దేరితే ఆపండి.

నన్ను సోమవారం మళ్లీ కుట్టు గదిలోకి తీసుకున్నారు. మా సూపర్‌వైజరమ్మ పిలిచి, మీ మావయ్య ఉత్తరం మేనేజరు గారు చదివారని చెప్పింది. శిక్ష వేస్తే నీకే వేయమని రాశావట. చివర్లో మాత్రం, "మీరు నిజంగా పైకి పంపుతున్నారా లేదా అన్నది వేరే సంగతి, ఆరోగ్యం కుదుటపడ్డాక దాని గురించి విడిగా రాస్తాను" అని ఉందట. అది చదివి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారట. నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేశారు. ఇంటావిడ కూడా నిన్న బిందె పంపింది.

ఇంకో సంగతి. మేము కుట్టినది పోయిన వారం పైకి వెళ్లింది. పని ఆపేసి అందరం క్యాంటీన్‌లో నిలబడ్డాం. నేను కూడా తెర మీదే చూశాను మావయ్యా. పొగ, మంట, ఒక చిన్న వెలుగు, తర్వాత ఏమీ లేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే నువ్వడిగిన ప్రశ్న నా చెవిలో మోగింది. నువ్వు చూశావా? ఆ క్షణంలో నీ మీద ఒళ్లు మండింది.

ఇంటికొచ్చాక ఆలోచించాను. నేను నమ్మింది తెరని కాదు. నా పక్క బల్లావిడని. ఆమె కుట్టినదాంట్లో ఒక పోగు వదులైందని నేను చెబితే, నాకంటే రెట్టింపు వయసున్న మనిషి, మారుమాట లేకుండా మొత్తం విప్పి మళ్లీ కుడుతుంది. అలాంటివాళ్లు నిండిన చోట పెద్ద అబద్ధం ఎక్కువ రోజులు దాగదని నా నమ్మకం. నువ్వూ మనుషుల్నే నమ్ముతావు, నేనూ మనుషుల్నే నమ్ముతాను. నేను అడిగేది ఒక్కటే. తప్పు చూపిస్తే విప్పేవాళ్లా, కాదా? పెద్దాయన విప్పలేదు. నువ్వు అందరి ముందూ నిలబడి విప్పావు.

దేవుడి సంగతి నాకు ఇంకా తెలియదు. ప్రార్థన చేసుకుంటున్నట్టు నటించలేను. కానీ నువ్వు చేసుకునేటప్పుడు నా పేరు కూడా చెప్పుకుంటావని తెలుసు. అది మానొద్దు.

జూన్ చివర్లో పనివాళ్ల ఇంట్లోవాళ్లకి మా చోటు చూపిస్తారు. లోపలికి రానివ్వరు, అద్దం బయట నిలబడి చూడాలి. డాక్టరమ్మ సరేనంటే ఇద్దరూ రండి. నమ్మాలని షరతేమీ లేదు.

నీ పిడుగు

జూలై 3

పిడుగుకి,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని నవ్వకు. ప్రయాణం బాగా జరిగింది. నువ్వు కట్టిచ్చిన తిండి పొట్లం బస్సు కదలకముందే అత్తయ్య విప్పింది.

అక్కడ చెప్పలేకపోయిన మాటలు కొన్ని మిగిలాయి. అత్తయ్య పక్కన ఉంటే నాకు సరిగా మాట రాదు.

కట్లు విప్పిన రోజు మొదట చూసింది ఆమె ముఖాన్నే. ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయే అన్నాను. రెండు పూటలు మాట్లాడలేదు. టచింగ్ చేసి ఇస్తానన్నాను, ఇంకో పూట పెరిగింది. ఆ పుట్టుమచ్చ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి కొత్త ఫోటో ఇచ్చి వచ్చాను. అతను మచ్చ మీద వేలు పెట్టి చూసుకుని, లోపలికి తీసుకెళ్లి గోడకి పెట్టాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడి చూసి వచ్చేశాను.

మీ సూపర్‌వైజరమ్మ మంచి మనిషి. నేను అడిగినవాటికి విసుక్కోకుండా చెప్పింది. పైకి వెళ్లాక కుట్టు విడిపోతే ఎవరు వెళ్లి చూస్తారని అడిగాను. ఎవరూ వెళ్లలేరు, అందుకే ఇక్కడే ఇన్నిసార్లు విప్పుతాం అంది. మోసం చేసేవాళ్లకి అంత కష్టం దేనికనిపించింది. నువ్వు గెలిచావని కాదు. ఆ నీడల సంగతి నాకు ఇంకా పూర్తిగా ఒప్పుదల కాలేదు. వచ్చే ఉత్తరంలో మొదలుపెడదాం.

అద్దం దగ్గర మమ్మల్ని వరసగా నిలబెట్టారు. లోపల అందరూ తెల్లబట్టలు, తెల్లటోపీలు, ముఖాలకి మాస్కులు. కళ్లు తప్ప ఏమీ కనిపించవు, ఆ కళ్లూ పని మీదే. చుట్టూ ఉన్నవాళ్లు మా అబ్బాయి ఎవరు, మా అమ్మాయి ఎవరు అని వెతుక్కుంటున్నారు. అత్తయ్య ముందు వరసలో ఎవరినో చూపించి, అదిగో మన పిల్ల అంది. చెయ్యి కూడా ఊపింది. ఆ పిల్ల పాపం తిరిగి ఊపింది.

కాదన్నాను. వెనక వరసలో, కిటికీ వైపు బల్ల దగ్గర ఒకతె ఎడమ భుజం కాస్త పైకెత్తి, తల పక్కకి వాల్చి కుడుతోంది. కుట్టు చివరికి రాగానే దారం కొరకడానికి నోటి దగ్గరికి తీసుకెళ్లింది, మాస్కు అడ్డం వస్తే ఆగి, కత్తెర కోసం చెయ్యి చాపింది. మా అక్క, అదే మీ అమ్మ, కుట్టుమిషను ముందు అచ్చం అలాగే కూర్చునేది. ఆ భుజం, ఆ వాలు. నీకు తను గుర్తుందో లేదో, అప్పటికి నువ్వు చాలా చిన్నదానివి. ఎవరూ నేర్పకుండా అది నీకు ఎలా వచ్చిందో నాకు తెలియదు. తను ఎక్కడుందని నువ్వు అడిగినప్పుడల్లా నేను చెయ్యి పైకి చూపించేవాణ్ణి. నాకూ అలా చూపిస్తే ధైర్యంగా ఉండేది.

చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. కళ్ల వెంట నీళ్లెందుకని అత్తయ్య అడిగింది. చుక్కల మందు కారుతోందన్నాను.

ఆమె నమ్మలేదు.

నీ మావయ్య